ఇంటి పక్కన క్లౌడ్ కిచెన్ మోత: బెంగళూరులో ఎవరిని, ఏమని అడగాలి

"చాలా శబ్దం వస్తోంది, దయచేసి చర్య తీసుకోగలరు" అని రాసిచ్చిన కాగితం ఏ ఆఫీసులో ఇచ్చినా ఫైల్లోనే పడి ఉంటుంది. అదే "ఫలానా నంబరు బిల్డింగు మేడ మీద, తూర్పు గోడకి ఆనించి పెట్టిన, వంటింటి పొగ లాగే ఎగ్జాస్ట్ బ్లోయర్ రాత్రి పన్నెండున్నర దాకా ఫుల్ స్పీడులో తిరుగుతోంది, దాని కింద రబ్బరు ప్యాడ్లు లేవు, అది ఆగినప్పుడు మా గదిలో ఇంత, తిరుగుతున్నప్పుడు ఇంత" అని రాసిస్తే దాన్ని చూడ్డానికి మనిషి వస్తాడు. నేను చెప్పదలుచుకున్నదంతా దీని చుట్టూనే. మోగుతున్న మెషీన్ ఏదో ముందు తెలుసుకోండి. దానికి చెయ్యాల్సిన మరమ్మతు ఏమిటో తెలుసుకోండి. ఎవరి దగ్గరికి వెళ్లినా ఆ మరమ్మతునే అడగండి.

మాది హిందూపురం. పెళ్లయినప్పటి నుంచీ బెంగళూరే. ఇప్పుడు మారతహళ్లి దగ్గర మున్నేకొలాలలో ఉంటున్నాం. చిన్న చిన్న షాపుల వాళ్లకి ఇంట్లోంచే జీఎస్టీ లెక్కలు చూస్తాను. అద్దె కట్టి, జీతాలిచ్చి, నెలాఖరుకి నాలుగు రూపాయలు మిగుల్చుకోవడానికి వ్యాపారస్తుడు ఎంత అవస్థ పడతాడో నేను రోజూ చూస్తున్నదే. అందుకే పక్క బిల్డింగులో క్లౌడ్ కిచెన్, అంటే కూర్చుని తినే చోటు లేకుండా యాప్ ఆర్డర్లకే వండి పంపే వంటశాల, వచ్చినప్పుడు దాన్ని మూయించాలని ఏనాడూ అనుకోలేదు. కానీ మా అత్తయ్యకి నిద్ర పోయింది. ఆవిడ బీపీ మనిషి. రాత్రంతా మసలి, తెల్లారాక తల తిరుగుతోందని మంచం పట్టుకుని కూర్చునేది. పీయూసీ (ఇక్కడి ఇంటర్) చదివే మా అబ్బాయి, మోత కాస్త తక్కువని, పుస్తకాలు వంటింటి గట్టు మీదికి మార్చాడు. ఈ ఊళ్లో ఏ గొడవకైనా "స్వల్ప అడ్జస్ట్ మాడి", కాస్త సర్దుకోండి, అంటారు. పార్కింగ్ దగ్గర చేసుకుందాం, నీళ్ల ట్యాంకర్ దగ్గర చేసుకుందాం. ముసలివాళ్ల నిద్ర దగ్గర, పిల్లల చదువు దగ్గర అడ్జస్ట్ కానక్కర్లేదు. అడగడం మీ హక్కు. 2005లో సుప్రీంకోర్టు శబ్ద కాలుష్యం మీద ఇచ్చిన తీర్పులో, ప్రశాంతంగా బతకడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమనే చెప్పింది.

ఏది మోగుతోందో కనిపెట్టడం

వంట చేసే చోట చప్పుడు ఒక్కటే ఉండదు. పొగ లాగే బ్లోయర్, కరెంటు పోతే జనరేటర్, ఫ్రీజర్ల కంప్రెసర్, గ్రైండర్లు, సింకులో పడేసే గిన్నెలు, అర్ధరాత్రి దించే షట్టర్, గేటు దగ్గర డెలివరీ బైకులు. ఒక్కోదానికి ఒక్కో మందు. అన్నిటినీ కలిపి "చప్పుడు" అంటే అవతలివాడికి ఏది ఆపాలో తెలియదు, తెలియనట్టు నటించడానికీ వీలు దొరుకుతుంది. రెండు మూడు రాత్రులు ఓపిగ్గా వినండి. ఏది ఎప్పుడు మొదలవుతోంది, ఎప్పుడు ఆగుతోంది, ఏది ఆగితే మీకు ప్రాణం హాయిగా ఉంటోంది?

మా ఇంటికి అసలు బాధ బ్లోయర్. నేను లెక్కలు చూసే ఒక డక్టింగ్ (పొగ, గాలి పోయే రేకు గొట్టాల) పనులాయన మా మేడెక్కి, పిట్టగోడ మీంచి చూసి, ఒక్కొక్కటీ విడమర్చి చెప్పాడు. ఆ సంగతులు మీకూ పనికొస్తాయి కాబట్టి వివరంగా రాస్తున్నాను.

బ్లోయర్ నత్తగుల్ల ఆకారంలో ఉండే ఇనప డబ్బా. లోపల రెక్కల చక్రం ఉంటుంది, దాన్ని ఇంపెల్లర్ అంటారు. పక్కన మోటారు, రెంటినీ కలుపుతూ బెల్టు. కింద పొయ్యిల మీదున్న హుడ్ నుంచి రేకు డక్టు గోడ వెంబడి మేడ దాకా వచ్చి దీనికి తగులుతుంది. నూనె పొగ ఇందులోంచే పోతుంది కాబట్టి కొన్నాళ్లకి ఇంపెల్లర్ రెక్కలకి జిడ్డు పేరుకుంటుంది. అన్ని రెక్కలకీ సమంగా పట్టదు, ఒక పక్కకి ఎక్కువ పడుతుంది. చక్రం బరువు ఒక వైపు ఒరిగి, తిరిగిన ప్రతిసారీ డబ్బా మొత్తం అదురుతుంది. అప్పుడు వచ్చే మోత ఒక తూగులో హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. దానికి మందు శుభ్రం చేయించి బ్యాలెన్సింగ్ చూపించడమే. స్టార్టు చేయగానే కీచుమని అరిచి కాసేపటికి తగ్గితే బెల్టు వదులైందని. ఎడతెగని గరగర ఉంటే బేరింగు అరిగింది. గాలి హోరున కొడుతున్నట్టు వినిపిస్తే డక్టు మూతి మీ వైపు తిరిగి ఉందన్నమాట. ఆ మూతిని అటు తిప్పాలి, లేదా లోపల దూది లాంటి పదార్థం నింపిన సైలెన్సర్ బిగించాలి.

ఇంకొకటుంది, అది అన్నిటికన్నా మొండిది. కిటికీలు మూసినా, చెవుల్లో దూది పెట్టుకున్నా తగ్గని ఊఁ అనే గుండె మోత. అది గాల్లోంచి కన్నా గోడలోంచి ఎక్కువ వస్తుంది. బ్లోయర్‌ని నేరుగా శ్లాబు మీద బోల్టులతో బిగిస్తే, డక్టు క్లాంపుల్ని గోడకి గట్టిగా కొడితే, ఆ అదురు కాంక్రీటులోకి దిగుతుంది. మా రెండు బిల్డింగులకీ మధ్య ఒకే గోడ. ఆ గోడకే వాళ్లు క్లాంపులు కొట్టారు. కిటికీ గట్టు మీద స్టీలు గ్లాసులో అంచు దాకా నీళ్లు పోసి పెడితే, నీళ్ల మీద సన్నటి వలయాలు ఆగకుండా కదిలేవి. దీనికి కావలసినవి మూడు: బ్లోయర్ కాళ్ల కింద స్ప్రింగు లేదా రబ్బరు మౌంట్లు, బ్లోయర్‌కీ డక్టుకీ మధ్య కాన్వాస్ గుడ్డతో చేసిన జాయింటు, క్లాంపులకీ గోడకీ నడుమ రబ్బరు. మెషీన్ మార్చనక్కర్లేదు.

స్పీడు సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. మోటారుకి వీఎఫ్‌డీ అనే స్పీడు కంట్రోలరు తగిలిస్తే బ్లోయర్‌ని తక్కువ వేగంలో తిప్పుకోవచ్చు. వేగం 20 శాతం తగ్గిస్తే మోత సుమారు 5 డెసిబెల్స్ (శబ్దాన్ని కొలిచే అంకె) తగ్గుతుంది, మోటారు తినే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది. రాత్రి పదకొండు తర్వాత సగం పొయ్యిలు ఆరిపోయే ఉంటాయి, అంత లాగుడు అవసరం ఉండదు. ఈ ఒక్క లెక్కే వ్యాపారస్తుడికి మన నిద్ర కన్నా బాగా ఎక్కుతుంది. దాచుకోకుండా చెప్పండి.

జనరేటర్ అయితే ఇంకా తేలిక, రూలు స్పష్టంగా ఉంది. 2005 తర్వాత తయారైన, 1000 కేవీఏ (జనరేటర్ సామర్థ్యం కొలిచే లెక్క) దాకా ఉండే డీజిల్ జనరేటర్ దాని డబ్బాకి ఒక మీటరు దూరంలో 75 డెసిబెల్స్ మించకూడదు. అందుకే అది సౌండు ఆపే డబ్బాతోనే వస్తుంది. చాలాచోట్ల జరిగేదేమిటంటే, వేడెక్కుతోందని ఆ డబ్బా తలుపులు బార్లా తీసి వదిలేస్తారు. ఫోటో తీసి పెట్టుకోండి. పొగ గొట్టం కూడా బిల్డింగు కన్నా ఎత్తుగా ఉండాలి. 100 కేవీఏ జనరేటర్‌కి బిల్డింగు పైన ఇంకో 2 మీటర్లు.

లెక్క రాయడం

ఒక పొడుగు నోటుబుక్కు చాలు. తేదీ, మొదలైన టైము, ఆగిన టైము, ఏ మెషీన్, ఆ రాత్రి ఇంట్లో ఎవరికి ఏమైంది. ఏమీ లేని రోజు "ఈ రోజు లేదు" అనే రాయండి. అలాంటి పుస్తకాన్ని ఎవరైనా నమ్ముతారు. రోజూ భయంకరం, రోజూ నరకం అని నింపిన పుస్తకాన్ని నమ్మరు.

ఫోన్లో సౌండు కొలిచే యాప్ పెట్టుకోండి. ఐఫోన్ ఉన్నవాళ్లకి అమెరికా ప్రభుత్వ సంస్థ నయోష్ చేసిన ఉచిత యాప్ మంచిది. ఆండ్రాయిడ్‌లో రకరకాల ఫోన్లకి రకరకాల అంకెలు వస్తాయి. అయినా ఒకే ఫోన్, ఒకే చోటు, కిటికీ ఒకేలా తెరిచి కొలిస్తే తేడా తెలుస్తుంది. ఫోన్ అంకె సాక్ష్యంగా నిలబడదు, కానీ అధికారుల్ని రప్పించడానికి పనికొస్తుంది.

ఇక్కడే బెంగళూరుకి ప్రత్యేకమైన చిక్కుంది. మన వీధుల్లో బళ్ల రొదే చాలాసార్లు, ఇళ్లున్న చోటికి పెట్టిన పగటి హద్దు 55 డెసిబెల్స్‌ని దాటుతుంది. మీరు 58 అని చూపిస్తే "అది రోడ్డు సౌండమ్మా" అనేస్తారు. కాబట్టి ఎప్పుడూ రెండు కొలతలు తీయండి, మెషీన్ నడుస్తున్నప్పుడొకటి, ఆగినప్పుడొకటి. కిచెన్ కట్టేసిన పావుగంటకి, లేదా కరెంటు పోయి బ్లోయర్ ఆగిన క్షణంలో కొలవండి. మా గదిలో ఆగినప్పుడు 43, తిరుగుతుంటే 57, 58 వచ్చేది. ఆ రెండో అంకె పక్కన మొదటిది పెట్టేసరికి రోడ్డు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి సుమారు రెట్టింపు మోత అనిపిస్తుంది. కాబట్టి అది చిన్న తేడా కాదు.

ఒక్క జాగ్రత్త: గుండె మోతలాంటి లోతు శబ్దాన్ని ఈ మీటర్లు తక్కువగా చూపిస్తాయి, ఆ కొలత పద్ధతే అంత. అంకె తక్కువగా ఉన్నంత మాత్రాన మీ బాధ అబద్ధం కాదు. ఆ నీళ్ల గ్లాసు వీడియో, కిటికీ అద్దం గలగలలాడే వీడియో తీసి పెట్టండి.

ఎంత దాటితే ఎక్కువ?

2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలు దేశమంతటికీ ఒకటే. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. వాణిజ్య ప్రాంతంలో పగలు 65, రాత్రి 55. పారిశ్రామిక ప్రాంతంలో 75, 70. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ నిశ్శబ్ద మండలంగా ప్రకటించిన చోట 50, 40. రాత్రంటే పది నుంచి పొద్దున ఆరు దాకా. ఇవి ఒక్క క్షణం అంకెలు కావు, కొంతసేపటి సగటు. ఈ హద్దు మీద 10 డెసిబెల్స్ గానీ అంతకుమించి గానీ ఉన్నా, రాత్రి పూట ఆంక్షల్ని మీరినా, ఎవరైనా ఫిర్యాదు చేయొచ్చని 7వ నియమం చెబుతుంది.

"ఇది కమర్షియల్ రోడ్డు మేడమ్" అన్న మాట మీకు తప్పకుండా వినిపిస్తుంది. కిందంతా షాపులు, పైనంతా ఇళ్లు ఉన్న మన వీధులన్నిటికీ అదే మాట. ఆ ప్రాంతం ఏ కోవలోకి వస్తుందో నిర్ణయించేది ప్రభుత్వం, షాపు వాడు కాదు. పోనీ వాణిజ్యమే అనుకున్నా రాత్రికి 55 దాటకూడదు కదా? ఆ మాటే తిరిగి చెప్పండి.

మాట్లాడటం

పోలీసుల కన్నా ముందు మనుషులతో మాట్లాడాలి. అది మర్యాద కోసమే కాదు, తర్వాత ఎక్కడికెళ్లినా "వాళ్లకి చెప్పారా?" అనేదే మొదటి ప్రశ్న. వెళ్లే టైము ముఖ్యం. రాత్రి ఎనిమిదిన్నరకి ఆర్డర్ల తాకిడిలో వెళ్తే ఎవరూ తలెత్తి చూడరు. సాయంత్రం నాలుగుకి వెళ్లండి, అప్పుడు కాస్త ఖాళీగా ఉంటారు.

మా పక్క కిచెన్ మేనేజర్ మదనపల్లె అబ్బాయి. తెలుగు వినగానే స్టూలు లాగి కూర్చోబెట్టాడు.

"తమ్ముడూ, బ్లోయర్ ఆపమని నేను అడగడం లేదు. పది దాటాక స్పీడు తగ్గించగలరా? కింద రబ్బరు ప్యాడ్లు వేయించగలరా?"

"అక్కా, నా చేతిలో ఏముంది? ఖర్చు పెట్టాలంటే మా పైవాళ్లని అడగాల."

"సరే, నేనడిగినవన్నీ ఈ కాగితం మీద రాసి తెచ్చాను, నా ఎదురుగానే ఫోటో తీసి వాళ్లకి పంపు. వాళ్లేమన్నారో ఎల్లుండి నాలుగుకి వచ్చి కనుక్కుంటా."

పంపాడు. ఆ మెసేజీ వెళ్లిన తేదీ నా పుస్తకంలో ఎక్కింది. మేనేజర్లు తరచూ మారిపోతుంటారు, నోటి మాట వాళ్లతోనే పోతుంది. కాగితం ఉంటే కొత్తగా వచ్చినవాడికి కథంతా మొదటి నుంచి చెప్పే పని ఉండదు.

పైవాళ్లెవరో తెలియకపోతే ఒక దారి ఉంది. క్లౌడ్ కిచెన్‌కి బోర్డు ఉండకపోవచ్చు, ఒకే వంటింట్లోంచి నాలుగైదు పేర్లతో అమ్ముతుండవచ్చు. కానీ ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే లైసెన్సు గానీ రిజిస్ట్రేషన్ గానీ లేకుండా నడపకూడదు. ఫుడ్ యాప్‌లో ఆ హోటల్ పేజీ చిట్టచివరికి జారితే 14 అంకెల లైసెన్సు నంబరు కనిపిస్తుంది. ఆ నంబరుని ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి ఫోస్కోస్ సైట్లో వెతికితే లైసెన్సు ఎవరి పేరుతో, ఏ అడ్రసుతో ఉందో తెలుస్తుంది. మీ ఉత్తరం ఆ పేరు మీదే వెళ్లాలి.

తర్వాత బిల్డింగు ఓనరు. మా అనుభవంలో పని కదిలింది ఇక్కడే. ఆయన అరవై దాటిన పెద్దాయన, దొడ్డబళ్లాపురం వైపు వారు, అంకుల్ అనే పిలుస్తాం. మోత గురించి చెప్తే "ఏం చేస్తామమ్మా, అగ్రిమెంటు రాసుకున్నాం" అన్నారు. సరేనని మేడ మీదికి తీసుకెళ్లి బ్లోయర్ కాళ్ల దగ్గర శ్లాబు చూపించాం. బోల్టు చుట్టూ వెంట్రుకంత బీటలు, పక్కన జిడ్డు కారి నల్లబడ్డ వాటర్‌ప్రూఫింగ్. డక్టు నిండా నూనె పేరుకుంటే కిందినుంచి మంట అంటుకునే ప్రమాదం ఉంటుందని డక్టింగ్ ఆయన చెప్పాడు. అంకుల్ అక్కడే నిలబడి కిచెన్ వాళ్లకి ఫోన్ చేశారు. అద్దె తీసుకునే మనిషికి తన శ్లాబు మీద ఉండే శ్రద్ధ మామూలుది కాదు. అది తప్పు కూడా కాదు.

డెలివరీ పిల్లల విషయంలో మాత్రం మెత్తగా ఉండండి. గేటు దగ్గర ఫోన్లలో గట్టిగా మాట్లాడతారు, బైకు ఆఫ్ చెయ్యరు, నిజమే. కానీ వాళ్లకి కూర్చోడానికి చోటు లేదు, బాత్రూమ్ లేదు, వానొస్తే తలదాచుకునే చూరు లేదు. లోపల రెండు బెంచీలు వేసి అక్కడ నిలబెట్టమని కిచెన్‌ని అడగాలి, పిల్లల మీద అరిస్తే లాభం లేదు. వాళ్ల ముఖాలు వీడియో తీయకండి. ఫుడ్ యాప్‌లో అబద్ధపు రేటింగులు, మీటర్ దగ్గరికెళ్లి కరెంటు తీసేయడం లాంటివి అసలే వద్దు. ఆ రోజు నుంచి తప్పు మీ వైపు తిరుగుతుంది.

రాత్రి పోలీసులు, పగలు ఆఫీసులు

రాత్రి పది దాటాక మోత ఆగకపోతే 112కి ఫోన్ చేయండి. అడ్రసు, ఏ మెషీన్, ఎప్పటినుంచి, ఈ మూడూ చెప్పి ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి. హొయ్సళ బండి, అంటే పోలీసుల గస్తీ బండి, వస్తుంది. ఆ రాత్రికి తగ్గిస్తారు, మర్నాడు మళ్లీ మొదలవ్వచ్చు. అయినా చేయండి. ప్రతి ఫోనుకీ ఒక రికార్డు మిగులుతుంది. దాని వెనకే స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇచ్చి స్వీకృతి తీసుకోండి. నియమాల ప్రకారం పోలీస్ కమిషనర్, డీఎస్పీకి తగ్గని అధికారులు చర్య తీసుకోగలిగినవాళ్లు. కాబట్టి కాగితం ఇన్‌స్పెక్టర్‌కి ఇచ్చినా ఒక కాపీ ఏసీపీకి పంపండి, ఈ ఊళ్లో డీఎస్పీ స్థాయి అధికారి ఆయనే.

కాగితం కన్నడంలో రాయించండి, దయచేసి. చదివే మనిషికి తన భాషలో ఉన్న కాగితం ముందు చేతికొస్తుంది. పైన విషయం ఇలా పెట్టొచ్చు: "రాత్రి వేళె ఎగ్జాస్ట్ బ్లోయర్‌నింద ఆగుత్తిరువ శబ్ద మాలిన్యద బగ్గె దూరు". సంతకాలు ఒక్క ఇంటివి కాకుండా వీధివి ఉండాలి. మన తెలుగువాళ్లం మనవాళ్లనే పోగుచేసుకుని వెళ్లడం ఒక అలవాటు. అది మానాలి. మా కాగితం మీద మొదటి సంతకం ఎదురింటి అజ్జిది (కన్నడంలో అజ్జి అంటే అవ్వ). ఆ వీధి మట్టిరోడ్డుగా ఉన్నప్పటి నుంచి ఆవిడ అక్కడే ఉంది. ఆవిడ సంతకం చూశాక ఇంకెవరూ "మీరెవరు, ఎప్పుడొచ్చారు" అనలేదు.

లోపల రాయాల్సింది ఒక పేజీ మించకూడదు. మేము రాసింది దాదాపు ఇది: "పై అడ్రసులో నడుస్తున్న వంటశాల ఎగ్జాస్ట్ బ్లోయర్ రోజూ రాత్రి 10 దాటాక కూడా నడుస్తోంది. అది ఆగినప్పుడు మా ఇంట్లో 43 డెసిబెల్స్, నడిచినప్పుడు 57. ఫలానా తేదీల్లో మేనేజర్‌కి, బిల్డింగు యజమానికి రాతపూర్వకంగా తెలిపాము. కాపీలు జతచేశాము. వంటశాలను మూయమని మేము కోరడం లేదు. అదురు ఆపే మౌంట్లు, కాన్వాస్ జాయింటు, సైలెన్సర్ బిగించి, రాత్రి 10 తర్వాత వేగం తగ్గించేలా ఆదేశించండి. దయచేసి రాత్రి 10 తర్వాత వచ్చి, మెషీన్ నడిపించి ఒకసారి, ఆపించి ఒకసారి కొలవండి." ఆ చివరి వాక్యం మర్చిపోవద్దు. తనిఖీలు సాధారణంగా ఆఫీసు వేళల్లో ఉంటాయి. పగలు పదకొండుకి కొలిస్తే మీ సమస్య కనిపించనే కనిపించదు. కన్నడంలో "దయవిట్టు రాత్రి 10 గంటెయ నంతర బందు పరిశీలిసి" అని రాయండి.

ఇదే కాగితం కర్ణాటక రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి వెళ్లాలి. ప్రధాన కార్యాలయం చర్చ్ స్ట్రీట్‌లోని పరిసర భవన్. మీ ప్రాంతాన్ని చూసే ప్రాంతీయ అధికారి ఎవరో కనుక్కుని ఆయన పేరు మీదే ఇవ్వండి. వాయు కాలుష్య చట్టంలో శబ్దాన్ని కూడా కాలుష్య కారకంగా 1987లోనే చేర్చారు కాబట్టి "గాలి, నీళ్లే మా పని" అనడానికి వీల్లేదు. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద ఈ నియమాలు మీరితే 2024 ఏప్రిల్ నుంచి జైలు బదులు 10 వేల నుంచి 15 లక్షల దాకా జరిమానా. ఈ అంకె వ్యాపారస్తులకి బాగా అర్థమవుతుంది.

మూడో కాపీ నగరపాలికకి. 2025 సెప్టెంబరు నుంచి బీబీఎంపీ స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. మీ వార్డు ఏ కార్పొరేషన్‌లోకి వెళ్లిందో చూసుకుని, ట్రేడ్ లైసెన్సు ఇచ్చే ఆరోగ్య విభాగానికి ఇవ్వండి. అక్కడ అడగాల్సింది రెండే: ఈ అడ్రసుకి ట్రేడ్ లైసెన్సు ఉందా, ఉంటే ఏ షరతులతో? జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కర్ణాటకలో దరఖాస్తు ఒకే విషయం మీద, సుమారు 150 మాటల లోపు ఉండాలన్న రూలుంది. పెద్ద కథ రాస్తే వెనక్కి వస్తుంది. లైసెన్సు కాపీ, షరతులు, మీ ఫిర్యాదు మీద తీసుకున్న చర్య అడగండి.

ఇవన్నీ అయ్యాక కూడా కదలకపోతే కోర్టులున్నాయి. వీధికంతటికీ ఉన్న బాధ అయితే భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఆ న్యూసెన్స్ తొలగించమని ఆదేశించగలరు. పాత సీఆర్‌పీసీలో ఇదే 133. జాతీయ హరిత ట్రైబ్యునల్ దక్షిణాది బెంచి చెన్నైలో ఉంది. సమస్య మొదలైన ఆరు నెలల్లోపు వెళ్లాలి, అందుకే తేదీలు రాసుకోమన్నది. వకీలు ఫీజు భయపెడుతుంటే జిల్లా న్యాయ సేవల ప్రాధికారాన్ని కలవండి. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలని 1987 చట్టం చెబుతోంది. ఈ సంగతి తెలియక ఎంతోమంది ఆడవాళ్లు వెనక్కి తగ్గుతారు, అందుకే ప్రత్యేకంగా చెబుతున్నాను. మాకు అంత దూరం అవసరం పడలేదు.

మీ పక్కన ఉన్నది పబ్బు అయితే

దారి కొంచెం మారుతుంది. ఇందిరానగర్, కోరమంగల వైపు వాళ్లకి ఇది ఏళ్ల తరబడి ఉన్న పోరాటం. రాత్రి ఒంటిగంట దాకా తెరిచి ఉంచుకోవడానికి ఈ ఊళ్లో అనుమతి ఉంది. తెరిచి ఉంచడం వేరు, మైకు మోగించడం వేరు. పది దాటాక బయటికి వినిపించే లౌడ్‌స్పీకర్‌కి నియమాలు ఒప్పుకోవు. ప్రైవేటు స్థలంలో మోగే సౌండ్ సిస్టమ్ ఆ స్థలం హద్దు దగ్గర ఆ ప్రాంతపు పరిమితి కన్నా 5 డెసిబెల్స్ మించకూడదు. లైవ్ బ్యాండు, డిస్కోథెక్‌లకి పోలీస్ కమిషనర్ లైసెన్సు కావాలన్న 2005 నాటి ఉత్తర్వును 2018 జనవరిలో సుప్రీంకోర్టు సమర్థించింది. కాబట్టి మీ మొదటి ప్రశ్న "ఆ లైసెన్సు చూపించండి" అనేదే. మీ పక్కన రాత్రిళ్లు డ్రిల్లింగు, కాంక్రీటు మిక్సర్ నడిపే కట్టడం ఉంటే అదీ నివాస ప్రాంతంలో పది తర్వాత నిషిద్ధమే, నేరుగా 112.

మరమ్మతు జరిగాక

మా పక్కన బ్లోయర్‌ని మేడ అవతలి మూలకి జరిపారు. దూరం రెట్టింపైతే బయలు జాగాలో మోత సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుందట. కింద స్ప్రింగు మౌంట్లు, మధ్యలో కాన్వాస్ జాయింటు వచ్చాయి, మూతి ఖాళీ స్థలం వైపు తిరిగింది. ఉమ్మడి గోడకి కొట్టిన క్లాంపులు తీసి స్టాండు మీద నిలబెట్టారు. స్పీడు కంట్రోలరు కొంచెం ఆలస్యంగా వచ్చింది. ఇప్పుడు రాత్రి మా గదిలో 46 దగ్గర ఉంటోంది. అత్తయ్య ఆ గదిలోనే పడుకుంటోంది.

కానీ ఇది ఒకసారితో తీరే పని కాదు. ఇంపెల్లర్‌కి జిడ్డు మళ్లీ పడుతుంది, రబ్బరు గట్టిపడుతుంది, బెల్టు వదులవుతుంది. ఎన్నాళ్లకోసారి శుభ్రం చేయిస్తారో కిచెన్ వాళ్లచేత రాయించుకోండి. ఆ కాగితం కాపీ బిల్డింగు ఓనరు దగ్గరా ఉండాలి, కొత్త అగ్రిమెంటు రాసేటప్పుడు ఆ షరతు అందులో చేర్చమని ఆయన్ని అడగండి. నెలకోసారి అదే ఫోనుతో, అదే చోట రెండు కొలతలూ తీసి పుస్తకంలో ఎక్కించండి. అంకె పెరగడం మొదలుపెడితే ఫిర్యాదు దాకా వెళ్లకుండా మేనేజర్‌కి ఒక మెసేజీ చాలు. మొన్న తూగు మోత మళ్లీ వినిపిస్తే అలాగే పెట్టాను. కొత్త మేనేజర్ ఒడిశా అబ్బాయి, నా పాత కాగితం వాళ్ల ఆఫీసు గోడకే అంటించి ఉందట. వారంలోపు క్లీనింగ్ వాళ్లు వచ్చారు.